చక్కెర దీవులు రెండు: మారిషస్ దారి మేలా, ఫిజీ దారి మేలా?

భారత్, మారిషస్ మధ్య వాణిజ్య ఒప్పందం 2021 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: చిన్న దీవి దేశాలకు ఇలాంటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు మేలు చేస్తాయా, చెరుపు చేస్తాయా? అడిగేవాళ్లలో కొందరికి అక్కడ చుట్టరికాలు కూడా ఉన్నాయి. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, మద్రాసు నుంచి ఫిజీకి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కిన మనవాళ్ల సంతతి ఆ రెండు చోట్లా ఉంది. అందుకే నేను ఈ రెండు దీవులనే పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

రెండూ బయల్దేరింది ఒకే చోట. ఐరోపా తన పాత వలస దేశాలతో 1975లో చేసుకున్న లోమే ఒప్పందంతో వచ్చిన చక్కెర ప్రోటోకాల్ కింద ఐరోపా ఏటా మారిషస్ నుంచి సుమారు 4.9 లక్షల టన్నులు, ఫిజీ నుంచి 1.65 లక్షల టన్నులు కొనేది. ప్రపంచ మార్కెట్లో ధర ఎంత పడినా ఐరోపా ఇచ్చే ధర తగ్గేది కాదు. చాలా ఏళ్లు అది రెండింతలు, అంతకన్నా ఎక్కువే ఉండేది. బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐరోపా చక్కెర రాయితీల మీద కేసు గెలిచాక ఐరోపా ఆ ధరను 2006 నుంచి విడతలవారీగా 36 శాతం కోసేసింది. 2009లో ప్రోటోకాలే పోయింది. ఆ ఏడాదే ఆగస్టులో మారిషస్, డిసెంబరులో ఫిజీ ఐరోపాతో కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చక్కెరకు సుంకం లేదు, కోటా లేదు. కానీ 2017లో ఐరోపా తన రైతుల మీద ఉన్న చక్కెర ఉత్పత్తి కోటాలు కూడా ఎత్తేయడంతో అక్కడి ధర ఇంకా పడిపోయింది. తలుపు తెరిచే ఉంది, లోపల విందు అయిపోయింది.

ఒప్పందం దాదాపు ఒకటే, దెబ్బా ఒకటే. అయినా మారిషస్ నిలదొక్కుకుంది. 1994లో ఐదు లక్షల టన్నులు దాటిన ఫిజీ చక్కెర మాత్రం ఇప్పుడు రెండు లక్షలకు కూడా చేరడం లేదు. ఎందుకు?

చాలామంది దీనికి నాయకత్వం, చదువు, రాజకీయ స్థిరత్వం కారణాలుగా చెబుతారు. అవీ నిజమే. 2006 సైనిక కుట్ర తర్వాత ఫిజీకి రావాల్సిన చక్కెర సాయాన్ని ఐరోపా ఆపేసింది, ఆ నష్టం చిన్నది కాదు. కానీ నా దృష్టిలో తేల్చేది నేల. ధర పడిన రోజున రైతు కాళ్ల కింద ఉన్న నేల ఎవరిది అన్నదే.

నేను చెరకు రైతు ఇంట్లో పెరిగాను. మా నాన్నకు రెండెకరాల సొంత చేను, మూడెకరాల కౌలు చేను ఉండేవి. సొంత చేనుకు వేసవిలో చెరువు మట్టి తోలించేవాడు, రెండు పిలక పంటలు (కోసిన మోడు నుంచి మళ్లీ మొలిచేవి) కాగానే దున్ని కొత్త ముచ్చెలు నాటేవాడు. కౌలు చేలో మాత్రం పిలక తోటనే నాలుగో ఏడు, ఐదో ఏడు లాగించేవాడు. గడలు సన్నబడేవి, మధ్యమధ్య ఖాళీలు పడేవి. "వచ్చే ఏడు ఎవరికిస్తారో ఏమో, మనం మట్టి తోలి వాళ్లకు అప్పజెప్పాలా?" అనేవాడు. అది సోమరితనం కాదు, లెక్క.

ఫిజీలో జరిగింది అదే లెక్క, దేశమంతటి స్థాయిలో. అక్కడ నేలలో నూటికి 80కి పైగా స్థానిక ఐతౌకే వంశాలది. అమ్మడానికి వీల్లేదు. చెరకు వేసేది ఎక్కువగా భారత సంతతి కౌలుదార్లు. వాళ్ల 30 ఏళ్ల కౌళ్లు 1997 నుంచి ఒకటొకటిగా తీరిపోవడం మొదలైంది. చాలా కౌళ్లు తిరిగి రాయలేదు. తాతల నాటి ఇల్లు విప్పుకుని రాజధాని సువా పక్కన రేకుల షెడ్లలోకి మారిన కుటుంబాలు ఎన్నో. ఉన్నవాళ్లు ముసలి పిలక తోటలనే నెట్టుకొచ్చారు. ఐరోపా ధర కోత వచ్చింది సరిగ్గా ఆ సమయంలో. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఆ భూమి చట్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. అది ఉండబట్టే ఐతౌకేల నేల పరాయివాళ్ల చేతుల్లోకి పోలేదు. తప్పల్లా భూస్వామికీ కౌలుదారుకూ ఇద్దరికీ గిట్టుబాటయ్యే పొడవైన కౌలు పద్ధతిని సమయానికి కుదుర్చుకోకపోవడం.

మారిషస్‌లో కథ వేరు. 19వ శతాబ్దం చివర్లో ఎస్టేట్ల యజమానులు డబ్బు అవసరమై అంచుల్లో ఉన్న భూములను ముక్కలుగా అమ్మారు. కూలీలుగా వచ్చినవాళ్లు పైసా పైసా కూడబెట్టి వాటిని కొన్నారు. అందుకే ఒప్పందం మారిన రోజున చిన్న రైతు చేతిలో పట్టా ఉంది, బేరమాడే గొంతు ఉంది. ఎస్టేట్ కూలీలను స్వచ్ఛంద విరమణ కింద పంపినప్పుడు కూడా చేతికి డబ్బుతో పాటు ఇంటి స్థలం ఇచ్చారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ ఇంటి స్థలమే. డబ్బు ఒక పెళ్లితో అయిపోతుంది, స్థలం నిలుస్తుంది. మిల్లులు కూడా ముడి చక్కెర అమ్మడం మాని శుద్ధి చేసిన తెల్ల చక్కెర, ఎక్కువ ధర పలికే ప్రత్యేక రకాల గోధుమ చక్కెర వైపు మళ్లాయి. పిప్పితో కరెంటు తీసి గ్రిడ్‌కు అమ్ముకుంటున్నాయి.

అలాగని మారిషస్‌లో అంతా బాగుందనుకోవద్దు. 1970లలో 20 దాకా ఉన్న మిల్లులు ఇప్పుడు మూడే. చిన్న రైతులు ఈ శతాబ్దం మొదట్లో ఉన్నదాంట్లో సగం కూడా లేరు. పిల్లలు హోటళ్లకో బ్యాంకులకో వెళ్లిపోతే ఎకరం, అరెకరం చేలు బీడు పడుతున్నాయి. 2005లో ధనిక దేశాలు బట్టల దిగుమతుల మీద పెట్టిన కోటాలు ఎత్తేసినప్పుడు కుట్టు ఫ్యాక్టరీలు మూతపడి వేల మంది ఆడవాళ్లు వీధిన పడ్డారు. నలభై ఏళ్లు దాటినావిడకు కంప్యూటర్ నేర్పిస్తాం అనడం సులభం, ఆమెను పనిలో పెట్టుకునేవాళ్లు దొరకడం కష్టం.

అసలు ఒప్పందంలో చేరకుండా ఉంటే? దానికీ ఉదాహరణ ఫిజీలోనే ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పసిఫిక్ దీవులు 2017లో చేసుకున్న పేసర్ ప్లస్ అనే వాణిజ్య ఒప్పందంలో ఫిజీ, పపువా న్యూ గినీ చేరలేదు. తమ ఫ్యాక్టరీలను కాపాడుకునే వెసులుబాటు పోతుందని ఫిజీ భయం. అయినా పొలాల్లో సీజను పనులకు ఆ రెండు దేశాలూ ఫిజీ వాళ్లను తీసుకుంటూనే ఉన్నాయి. దీవులు నిజంగా కోరుకునేది ఆ వీసాలే. అవి ఒప్పందంలో చేరకుండానే దొరికినప్పుడు సుంకాలు ఎందుకు వదులుకోవాలి? ఈ ఒక్క విషయంలో ఫిజీ సరిగ్గా ఆలోచించిందని నా అభిప్రాయం.

ఎందుకంటే చిన్న దీవికి సుంకం అంటే ఖజానా. రేవు దగ్గర నలుగురు గుమాస్తాలుంటే చాలు, పన్ను వసూలవుతుంది. అది వదులుకుంటే దాని చోట వ్యాట్ (కొనే ప్రతి వస్తువు మీదా పడే పన్ను) వస్తుంది, అంటే ఓడలో కారు దింపుకున్నవాడి భారం ఉప్పూపప్పూ కొనేవాడి మీదకు జారుతుంది. ఇక తిండి సంగతి. చవకగా దిగే కొవ్వు మాంసాన్ని ఆపాలని ఫిజీ 2000లో గొర్రె కడుపు కండ అమ్మకాన్ని నిషేధించింది. సమోవా కూడా 2007లో టర్కీ కోడి తోకలను నిషేధించింది, కానీ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. ఊబకాయం, షుగరు ఇంటింటా ఉన్న దేశానికి ఇది ప్రాణాలతో బేరం.

సెయింట్ లూసియా లాంటి కరీబియన్ అరటి దీవుల గురించి కూడా అడుగుతున్నారు. కథ అదే: ఐరోపా రాయితీ పోయింది, అరటి రైతులు చితికిపోయారు, టూరిజం మిగిలింది.

కాబట్టి రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మారిషస్ దారే అంటాను. ఫిజీలో ఉన్న మన బంధువులు పేసర్ ప్లస్‌లో చేరితే బాగుపడతామా అని అడిగితే మాత్రం ముందు మీ కౌలు కాగితం తీసి చూడండి అంటాను. అందులో ఇంకా ఎన్నేళ్లు ఉన్నాయో చెబితే, ఈసారి కొత్త చెరకు నాటాలో పిలకే ఉంచాలో మా నాన్నే చెప్పగలడు.