ఇల్లు అమ్మే ముందు మెరుగులు: కర్నూలులో మేము చేయించిన పని, దాని మంచిచెడ్డలు

కర్నూలు పాతబస్తీలో మా నాన్నగారు కట్టించిన మిద్దెను అమ్మాలని నిర్ణయించుకున్నప్పుడు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ధర పలకదని, ముందు కొంత ఖర్చుపెట్టి మెరుగులు దిద్దించమని అడిగినవారూ అడగనివారూ సలహా ఇచ్చారు. ఆ మాట పట్టుకుని, పాత సామాను తీయించడం మొదలు మరమ్మతులు, రంగులు, దీపాల వరకు అన్నీ తామే చేసి, కొనేవారికి చూపించడానికి ఇంటిని సిద్ధం చేసి ఇస్తామనే ఒక స్థానిక సంస్థకు పని అప్పగించాము. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి పని ఎవరికి అప్పగించినా ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా ఇంటి సంగతి చెప్పాలి. మూడు సెంట్ల స్థలంలో రాతి గోడలు, టేకు దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డంగా వేసే సన్న కర్రలు), కింద బేతంచెర్ల బండపరుపు ఉన్న ఇల్లు అది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు పడసాలలో కిటికీ పైఅంచు దాకా నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక, బురద ఎత్తిపోసి, నాన్నగారు వంటింటి ద్వారబంధం మీద నీటిమట్టం దగ్గర పెన్సిలుతో ఒక గీత గీసి పక్కన తేదీ వేశారు.

సంస్థ వారు ఇల్లు చూసి 2,85,000 రూపాయలకు అంచనా వేశారు. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. 21 రోజుల్లో పూర్తిచేస్తామని చెప్పి 46 రోజులు తీసుకున్నారు. బిల్లు వద్దనుకుంటే పన్ను మిగులుతుందని సూపర్‌వైజరే సూచించాడు గానీ మేము బిల్లే అడిగాము. ఇల్లు అమ్మిన తర్వాత ఆదాయపు పన్ను కోసం మూలధన లాభం (అమ్మకం మీద మిగిలిన లాభం) లెక్కకట్టేటప్పుడు ఇంటికి శాశ్వతంగా చేర్చిన పనుల ఖర్చును చూపుకునే వీలుంది. మామూలు రంగులు, శుభ్రం చేయించడం వంటివి సాధారణంగా అందులోకి రావు. అందువల్ల ఏ పనికి ఎంత అయిందో విడివిడిగా రాసి ఉండాలి. వారు మొదట అంతా ఒకే వరుసలో రాసిన బిల్లు ఇచ్చారు. రెండుసార్లు తిరిగి అడిగిన తర్వాతే వివరంగా రాసి ఇచ్చారు.

సామాను తీయించడంలో మాత్రం వీరి పనికి వంక పెట్టడానికి లేదు. అటక మీద నలభై ఏళ్ల సంసారం పేరుకుపోయి ఉంది. ఇత్తడి గంగాళాలు, పట్టె తెగిన నవారు మంచాలు, మా తమ్ముడి పదో తరగతి పుస్తకాలు, ఎప్పుడో చెడిపోయి బాగు చేయిద్దామని దాచిన మూడు టేబుల్ ఫ్యాన్లు అన్నీ కిందికి దిగాయి. వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు ఏదీ తమంతట తాము పారవేయలేదు, ఒక్కొక్క వస్తువును మా అమ్మకు చూపించి, "అమ్మా, ఇది ఉంచేదా, ఇచ్చేసేదా?" అని అడిగి, ఆమె ఆలోచించుకునే దాకా నిలబడ్డారు. దానికే రెండు రోజులు పట్టింది. పాత ఇనుము, ఇత్తడి కొనే మనిషిని వారే పిలిపించి, మా కళ్ల ముందు తూకం వేయించి, వచ్చిన 6,340 రూపాయలను మా చేతికే ఇచ్చారు. ఖాళీ అయిన పడసాల అంత వెడల్పుగా ఉంటుందని ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నాకే తెలియదు.

మొత్తం ఖర్చులో అతి తక్కువ డబ్బుతో అతి ఎక్కువ మార్పు తెచ్చింది గవాక్షం, అంటే వెలుతురు కోసం మిద్దె కప్పులో వదిలిన కంత. ఎప్పుడో వానకు కారుతోందని నాన్నగారు దాని మీద రేకు కప్పించి మేకులు కొట్టించారు. అప్పటి నుంచి నడింట్లో పగలు కూడా దీపం వేసుకునేవాళ్లం. సంస్థ తరఫున వచ్చిన బేల్దారి (తాపీమేస్త్రి) ఆ రేకు తీసి, చుట్టూ గట్టు ఎత్తు పెంచి, మందపాటి అద్దం బిగించి, అంచులను సీలెంటుతో మూశాడు. కూలితో కలిపి 4,200 రూపాయలు అయింది. ఈ పని వారి అంచనాలో లేదు, మేము అడిగితే చేశారు. పాత ఇళ్లను అమ్మకానికి సిద్ధం చేస్తామనేవారికి ముందుగా తట్టవలసిన ఆలోచన ఇదే కదా అనిపించింది.

నేల విషయంలో ఒక ప్రమాదం జరిగింది. బండల మీద నూనె మరకలు, జిడ్డు పోగొట్టడానికి ఒక కుర్రవాడు బాత్రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి వంటింట్లో ఒక మూల పోశాడు. బేతంచెర్ల బండ సున్నపురాయి జాతిది. యాసిడ్ తగలగానే బుసబుసమని నురుగు పొంగింది. నీళ్లు కుమ్మరించి కడిగే లోపే నాలుగు బండల మీద ఏళ్ల తరబడి కాళ్ల రాపిడికి వచ్చిన నునుపు పోయి, చేత్తో తడిమితే గరుకు కాగితంలా తగిలింది. పాలిష్ మిషన్ తెచ్చిన మనిషి అది చూసి తలపట్టుకున్నాడు. అతను ముతక రాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా నీళ్లతో నాలుగు దఫాలు తిప్పి ఇల్లంతా సమం చేశాడు. చదరపు అడుగుకు 28 రూపాయల చొప్పున పడిన ఆ ఖర్చు గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ నాలుగు బండల అదనపు కూలిని సంస్థే భరించింది. ఇప్పుడా నేల మబ్బు రంగులో, తడిసినట్టు మెరుస్తూ ఉంది. దాని మీద టైల్స్ పరుస్తామని వారు మొదట ఇచ్చిన ప్రతిపాదనకు ఒప్పుకోకపోవడం మేము చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇక ఈ సంస్థకు ఇచ్చే రేటింగులో నేను నక్షత్రాలు తగ్గించింది గోడల దగ్గర. ఇలాంటి పాత రాతి గోడల పునాదిలో సాధారణంగా నేల చెమ్మను అడ్డుకునే పొర ఉండదు. తడి కింద నుంచి గోడలోకి పాకి, తనతో పాటు లవణాలను పైకి తెస్తుంది. తడి ఆరినప్పుడు ఆ లవణాలు గడ్డకట్టి పూతను లోపలి నుంచి నెడతాయి. మా ఇంట్లో నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడ పెచ్చులూడి తెల్లని పొడి రాలడానికి కారణం ఇదే. దీనికి పాత పూతను రాయి కనిపించే దాకా చెక్కి, నెలల తరబడి ఆరనిచ్చి, సున్నపు గచ్చు పూసి, పైన సున్నమే వేస్తే గోడలోని తడికి బయటికి పోయే దారి ఉంటుంది. సంస్థ వారు పైపొడిని బ్రష్షుతో దులిపి, దాని మీద లప్పం (పుట్టీ) రెండు చేతులు పెట్టి, ప్రైమర్ కొట్టి, లేత గోధుమ రంగు ప్లాస్టిక్ పెయింటు వేశారు. మొదటి పది రోజులు పెళ్లి ఇల్లులా ఉంది. అయిదో వారంలో పడసాల ఉత్తరపు గోడ కింది భాగంలో అరచేయంత బుడగ లేచింది. వేలితో నొక్కితే లోపల తడి మన్ను మెత్తగా తగిలింది. పని మొదలుపెట్టే ముందు ఒక పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేసి ఉంటే, దాని వెనుక పట్టిన చెమటే ఆ గోడ మీద లప్పం నిలవదని చెప్పేది. దానికి పది రూపాయలు కూడా ఖర్చు కాదు.

రంగులు వేసినవారే వంటింటి ద్వారబంధాన్ని కూడా గీకి ఎనామిల్ పూశారు. నాన్నగారి గీత దాంతో పోయింది. పొరపాటు మాది కూడా, ముందుగా చెప్పలేదు.

ముందుగదిలో దూలాలను కప్పుతూ జిప్సం సీలింగు వేయించడానికి మేము ఒప్పుకున్నాము; దానికి 41,000 రూపాయలు అయ్యాయి. వైరింగు మార్పు, ఎంసీబీలు, స్విచ్చులు బాగున్నాయి, వాటి గురించి చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. అలంకరణ పేరుతో తెచ్చిన ప్లాస్టిక్ తీగలను, గాజు కుండీలను మా అమ్మ రెండో రోజే అటకెక్కించింది.

ఇల్లు చూడడానికి మొత్తం ఏడు కుటుంబాలు వచ్చాయి. లోపలికి రాగానే దాదాపు అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "2009లో ఎంతవరకు వచ్చాయి నీళ్లు?" గీత లేకపోవడంతో అమ్మ చెయ్యెత్తి చూపించవలసి వచ్చింది, చూపిన ప్రతిసారీ ఆ చెయ్యి ఒకే ఎత్తున ఉండేది కాదు. రెండో ప్రశ్న సీలింగు గురించి వచ్చేది. ఒక పెద్దాయన ఊతకర్రతో దాన్ని తట్టి, "రంగు బాగుంది నాయనా, పైన దూలానికి చెద పట్టిందో లేదో ఎట్లా తెలుస్తుంది మాకు?" అని అడిగారు. పక్క గదిలో నూనె పెట్టి తుడిచిన దూలాలను చూపిస్తే, ఇవి బాగున్నాయి కాబట్టే ఇక్కడ మూయలేదన్నమాట, అని ఆయనే ముగించారు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది. మరుసటి వారం కూలి ఇచ్చి ఆ సీలింగును ఊడదీయించాము. దూలాలు చక్కగానే ఉన్నాయి.

బుడగల సంగతి చెప్పినప్పుడు సంస్థ వారు ముందు వానల మీద నెపం వేశారు, తర్వాత మళ్లీ రంగు వేస్తామన్నారు. మేము వద్దని, ఆ గోడ పూతను మూడడుగుల మేర చెక్కి వదిలేయమని అడిగితే అలాగే చేసి, పెయింటు ఖర్చులో 18,000 రూపాయలు వెనక్కి ఇచ్చారు. అడిగితే దిద్దుకునే గుణం ఉంది కాబట్టే అయిదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. వీరిని పిలిస్తే సామాను తీయించడానికి, నేల పాలిష్‌కు, కరెంటు పనికి పిలవండి. రాతి గోడల పని సున్నం తెలిసిన బేల్దారితో విడిగా మాట్లాడుకోండి.

ఇల్లు చివరికి ఊతకర్ర పెద్దాయన కుటుంబమే కొన్నది. చెక్కి వదిలేసిన గోడను ఆయన వేళ్లతో తడిమి చూసి, ఎండాకాలంలో తానే సున్నం పూయించుకుంటానని, అందుకు పాతికవేలు తగ్గించమని అడిగారు, తగ్గించాము. సంస్థ వారు తీసేయవలసిన వాటిలో రాసిన వస్తువు ఒకటి పెరట్లో ఇంకా నేలలోనే పాతి ఉంది, మా అమ్మ రుబ్బురోలు. దాన్ని తీయవద్దని ఆ పెద్దాయన కోడలు అగ్రిమెంటు రోజునే చెప్పింది.