మాల్బెక్ (రెడ్ వైన్ చేసే ద్రాక్ష రకం) తోటకి లుహాన్ దె కుజోనా, ఊకో లోయా?

రెండూ అర్జెంటీనాలోని మెందోసా రాష్ట్రంలోవే. లుహాన్ సుమారు 1,000 మీటర్ల ఎత్తు. ఊకోలో గువల్తజారి వైపు 1,500 దాకా వెళ్తాయి తోటలు.

వంద మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి వణికిస్తుంది. అందుకే ఊకో ద్రాక్ష నమిలితే మందపాటి తొక్క పళ్ళకు తగులుతుంది, పులుపు నాలుకపై నిలుస్తుంది. లుహాన్ పండు మెత్తన. పాత తీగలు దాని అసలు ఆస్తి.

నీళ్ళు: లుహాన్‌లో ఆండీస్ మంచునీటి పాత కాలువలున్నాయి. ఊకో ఎత్తుల్లో బోరు, డ్రిప్ ఖర్చు.

రిస్క్: వడగళ్ళకు వలలు రెండుచోట్లా కట్టాలి. వసంతంలో గడ్డకట్టే మంచు టెన్షన్ మాత్రం ఊకోకే ఎక్కువ.

త్వరగా తాగే మృదువైన వైన్‌కి లుహాన్. ఏళ్ళ తరబడి దాచుకునేదానికైతే, పెట్టుబడి తట్టుకోగలిగితే, నా ఓటు ఊకోకే.