రౌండ్ రాకెట్టా, టియర్‌డ్రాపా? పాడెల్‌లో మోచెయ్యి ముఖ్యం అనుకునేవాళ్ళకి

పాడెల్ అంటే గ్లాస్ గోడల మధ్య ఆడే, టెన్నిస్ లాంటి ఆట. ఆరేడు నెలలు ఆడాక అందరికీ వచ్చే డౌటే ఇది: తల గుండ్రంగా ఉండే రౌండ్ రాకెట్ కొనాలా, కన్నీటి చుక్క ఆకారంలో ఉండే టియర్‌డ్రాపా అని. నేను రెండూ వాడా.

కంట్రోల్: రౌండ్‌లో స్వీట్ స్పాట్ (బాల్ బాగా తగిలే చోటు) పెద్దది, సరిగ్గా మధ్యలో ఉంటుంది, గ్లాస్ తగిలి వెనక్కొచ్చిన బాల్‌ని హడావుడిగా లేపినా కోర్టులోనే పడుద్ది. టియర్‌డ్రాప్‌లో అది కాస్త పైకి ఉంటుంది, టైమింగ్ తప్పితే బాల్ నెట్‌కే.

పవర్: ఇక్కడ టియర్‌డ్రాపే, బరువు తల వైపు ఉంటుంది కాబట్టి స్మాష్ దిగుద్ది.

చెయ్యి: అసలు విషయం ఇదే. ఫేస్ (బాల్ తగిలే పైభాగం) ఫైబర్‌గ్లాస్‌ది, లోపల కోర్ సాఫ్ట్ ఈవీఏ ఫోమ్‌ది అయితే దెబ్బ మెత్తగా తగులుతుంది, గట్టి కార్బన్‌తో అంచుకి తగిలిన ప్రతిసారీ మోచెయ్యి దాకా జివ్వుమంటది, నాకైతే మర్నాడు టీ గ్లాసు ఎత్తాలన్నా నొప్పే. బరువు 350–360 గ్రాముల్లో చూసుకోండి.

ఖర్చు: ఫైబర్‌గ్లాస్ మామూలుగా చవక, కాకపోతే త్వరగా మెత్తబడుద్ది. ఏదైనా ఎండలో కార్లో మాత్రం వదిలెయ్యకండి బాబూ.

వారానికి రెండ్రోజులు ఆడుతూ డిఫెన్స్, లాబ్‌ల (ఎత్తుగా లేపే షాట్ల) మీద బతికేవాళ్ళైతే రౌండే. ఎడమ వైపు నిలబడి స్మాష్‌లు కొట్టేవాళ్ళు, చెయ్యి బాగుంటే, టియర్‌డ్రాప్‌కి వెళ్ళొచ్చు, అదీ సాఫ్ట్ కోర్‌దే.