బ్యాండా, బంతుల తాళమా, పెట్టా: ఉపగ్రహానికి ఏ పట్టు మేలు?

శ్రీహరికోట 2022 నుంచి మన తిరుపతి జిల్లాలోదే. ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలు చిన్న ఉపగ్రహం చేస్తామంటూ వచ్చి కెమెరా గురించి, సోలార్ ప్యానెళ్ల గురించి అడుగుతారు. దాన్ని రాకెట్‌కు ఎలా బిగిస్తారు, పైకి వెళ్లాక ఎలా వదులుతారు అని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగాల్సింది అదే. రాకెట్ లేచేటప్పుడు ఎంత అదిరినా ఉపగ్రహం కదలకూడదు. కక్ష్య చేరాక మాత్రం ఒక్క క్షణంలో, గిరగిరా తిరగకుండా విడిపోవాలి.

వందల కిలోల బరువుకు క్లాంప్ బ్యాండే సరి. నూనె డ్రమ్ము మూతకు బిగించే ఇనుప రింగు లాంటిదే ఇది. ఉపగ్రహం అడుగు అంచునూ రాకెట్ పై అంచునూ వీ ఆకారపు గాడి ఉన్న ముక్కలు కలిపి పట్టుకుంటాయి. వాటి చుట్టూ బ్యాండు బిగిస్తారు. సమయం రాగానే చిన్న మందుగుండు కట్టర్లు బోల్టులను తెంపుతాయి, బ్యాండు విచ్చుకుంటుంది, స్ప్రింగులు ఉపగ్రహాన్ని ముందుకు తోస్తాయి. భారం అంచంతా సమానంగా పడడం దీని బలం. తెగినప్పుడు వచ్చే షాక్ దీని లోపం.

అయితే బ్యాండు కన్నా గట్టిగా కుదిపేవి ఉన్నాయి. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో రెండో దశ విడిపోయినప్పుడు వచ్చిన అదురు, వేగంలో మార్పును కొలిచే సెన్సర్ల (యాక్సెలరోమీటర్ల) హద్దు దాటింది. సెన్సర్లు చెడిపోయాయని రాకెట్ కంప్యూటర్ అనుకుంది. చివరికి రెండు ఉపగ్రహాలూ నిలవలేని కక్ష్యలో పడ్డాయి. అందులో ఒకటి 750 మంది బడి అమ్మాయిల చేతిపని ఉన్న ఆజాదీశాట్. తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 10 నాటి రెండో ప్రయోగానికి ఆ దశ విడదీసే పద్ధతినే మార్చి, తక్కువ షాక్ ఇచ్చే బ్యాండు పెట్టారు. ఆ ప్రయోగం గెలిచింది.

పదుల కిలోల వాటికి బంతుల తాళం, అంటే బాల్ లాక్. పంచర్ షాపులో గాలి పైపు కప్లర్ చూసే ఉంటారు: కాలర్ వెనక్కి లాగితే బంతులు తప్పుకుని పైపు ఊడి వస్తుంది. ఉపగ్రహాన్ని పట్టి వదిలే సూత్రం అదే.

పిల్లల ఉపగ్రహానికి మాత్రం నా ఓటు పెట్టెకే. 10 సెంటీమీటర్ల ఘనాల్లాంటి చిన్న ఉపగ్రహాలను పెట్టె లోపలి పట్టాల మీద పేర్చి తలుపు వేస్తారు. తలుపు తెరుచుకోగానే వెనక స్ప్రింగు తోసేస్తుంది. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన 104 ఉపగ్రహాల్లో 101 చిన్నవి ఇలాంటి పెట్టెల్లోంచి వచ్చినవే. పిల్లలు చేసినదాంట్లో ఏ స్క్రూ ఊడినా ముక్కలు పెట్టెలోనే ఉండిపోతాయి, పక్కనున్న ఖరీదైన ఉపగ్రహానికి దెబ్బ తగలదు. కాబట్టి కొత్తవాళ్లను ఎక్కించుకోవడానికి రాకెట్ వాళ్లకూ టెన్షన్ తక్కువ. ఇబ్బంది ఒక్కటే: కొలత మిల్లీమీటర్ తేడా వచ్చినా పట్టాల్లో ఇరుక్కోవచ్చు. యాంటెన్నాలు మడిచి ఉంచాలి, బయటపడేదాకా కరెంటు ఆగి ఉండాలి.

అందుకే ముందు పెట్టె కొలతలు తెచ్చుకుని పట్టాలకు తగిలే నాలుగు అంచులూ గీయమంటాను. లోపలి బోర్డులు ఆ తర్వాత.