ఇంటి దీపాల మధ్య గోడాక్స్ టీటీ600

సత్యనారాయణపురంలోని మా హాల్లో అమ్మమ్మ ఫొటోలు తీయడానికి నేను గోడాక్స్ టీటీ600 ఫ్లాష్‌నే వాడుతున్నాను. ఇది నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. టీటీఎల్ (కెమెరాయే వెలుగును కొలిచి ఫ్లాష్ పవర్‌ను సరిచేసే పద్ధతి) లేదు కనుక పవర్‌ను పూర్తి స్థాయి 1/1 నుంచి 1/128 వరకు మనమే మార్చుకోవాలి. పెళ్లి మండపంలో అది ఇబ్బందే గానీ, కుర్చీలో కుదురుగా కూర్చున్న మనిషిని తీసేటప్పుడు కాదు, పైగా ఒకసారి కుదిరిన వెలుగు ఫొటో ఫొటోకూ మారదు.

అసలు చిక్కంతా రంగుతోనే. ఫ్లాష్ వెలుగు సుమారు 5600 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత; అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది), ఇళ్లలోని వార్మ్ ఎల్ఈడీ బల్బులది 2700 నుంచి 3000; రెంటినీ అలాగే కలిపితే ముఖం పాలిపోయి, వెనుక గోడ పసుపు పూసినట్టు వస్తుంది. ఫ్లాష్‌కు సీటీఓ జెల్ అనే నారింజ రంగు పల్చటి పొర తగిలించి, కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను (ఏ వెలుగును తెలుపుగా చూపాలో చెప్పే సెట్టింగ్) 3200 దగ్గర పెట్టగానే అమ్మమ్మ ముక్కుపుడక మెరుపుతో సహా రంగులన్నీ దారికొచ్చాయి. జెల్ విడిగా కొనుక్కోవాలి. తెల్ల ట్యూబ్‌లైటును మాత్రం ఆర్పేయడమే మేలు.

బల్బు వెలుగు ఎంత కనబడాలో షట్టర్ తేలుస్తుంది, ఫ్లాష్ వెలుగు మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. అందుకే షట్టర్‌ను 1/50 సెకను దగ్గర ఉంచితే గది చీకటిగా పడదు, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద చవక బల్బుల మిణుకు చారలూ రావు. ఫ్లాష్ తలను తెల్లటి సీలింగ్ వైపు తిప్పితే నీడలు మెత్తబడతాయి, లేతాకుపచ్చ గోడకు కొడితే ఆ రంగు చెంపలకు అంటుకుంటుంది. ఈ సర్దుబాట్లకు ఓపిక లేనివారు టీటీఎల్ ఉన్న ఫ్లాష్ కొనుక్కోవడం మంచిది.