జాగ్రత్త: క్యారవాన్‌కు లిథియం బ్యాటరీ కొంటున్నారా? లోడు పెట్టి చూడకుండా పైసలు ఇవ్వకండి

బండిలో రాత్రి పడుకునేవాళ్లు, అందులోనూ పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవాళ్లు దీన్ని దయచేసి పూర్తిగా చదవండి. మొన్న మేడారం జాతరలో మా బాపు విషయంలో జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను.

మాది పాత టెంపో ట్రావెలర్. ట్రావెల్స్ వాళ్ల దగ్గర కొని, సీట్లు తీయించి, రెండు బెర్తులు, చిన్న వంటగట్టు, 12 వోల్టుల ఫ్రిజ్ పెట్టించుకున్నాం. బాపుకు నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంది. రాత్రంతా ముక్కుకు గాలి ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకునే పడుకోవాలి. లాడ్జీల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఆయన్ను ఇంట్లో వదిలి వెళ్లడానికి మనసు ఒప్పదు. ఈ బండి చేయించింది అందుకే.

మొదట్లో రెండు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే లెక్క) ట్యూబులర్ లెడ్ బ్యాటరీలు బెర్తు కింద పెట్టించాం. నాలుగేళ్లకు అవి చేతులెత్తేశాయి. నిజానికి అవి పడుకునే చోట పెట్టాల్సినవే కావు. నీళ్లు పోసే బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మూసి ఉన్న బండిలో అది పోగైతే చిన్న నిప్పురవ్వ చాలు. ట్యూబులరే వాడాలనుకునేవాళ్లు బయటికి గాలి గొట్టం ఉన్న పెట్టెలోనే పెట్టండి. మేము మాత్రం ఈసారి లిథియంకు మారదామనుకున్నాం. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను. కొన్న తీరే తప్పు.

హన్మకొండలో ఒక షాపులో అడిగితే 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు కలిపి 38,000 రూపాయలన్నాడు. మిగతా చోట్ల 50 వేల పైనే చెప్పారు. "అన్నా, మనం సొంతంగా అసెంబుల్ చేస్తం, అందుకే తక్కువ. సెల్స్ అన్నీ కొత్తవే, మూడేళ్ల వారంటీ" అన్నాడు. తూకం వేసి చూపించాడు, ఒక్కోటి పదకొండు కిలోల దాకా ఉంది. మీటరు పెడితే 13.3 వోల్టులు. స్టిక్కరు మీద 100 ఏహెచ్. నేను నమ్మాను. పాత ట్యూబులర్లు ఎక్స్చేంజ్‌లో తీసుకున్నాడు. 20 వేలు యూపీఐలో, మిగతావి చేతికి ఇచ్చాను. బిల్లు అడిగితే ఎస్టిమేట్ చిట్టీ రాసిచ్చాడు.

జనవరి ఆఖరు వారంలో జాతర. బుధవారం పొద్దున బయలుదేరి, ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, పసర మీదుగా వెళ్లాం. పార్కింగ్ దొరికేసరికి చీకటి పడింది. ఆ రాత్రి ఇబ్బందేమీ రాలేదు, ఎందుకంటే ట్రాఫిక్‌లో ఇంజన్ చాలాసేపు నడిచింది, సామాను సర్దుకుని పడుకునేసరికే అర్ధరాత్రి దాటింది. మర్నాడు గురువారం, చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి గద్దెకు వచ్చే రోజు. పొద్దున ఇంజన్ వేసి ఉంచాం, పగలంతా పైన సోలార్ ప్యానెల్ నుంచి కూడా ఛార్జ్ ఎక్కింది. సాయంత్రం ఆరింటికి బ్యాటరీలు నిండినట్టు సోలార్ ఛార్జ్ కంట్రోలర్ చూపించింది. పది గంటలకు చూస్తే 13.1 వోల్టులు. ఇంకా బోలెడంత ఉందనుకుని పడుకున్నాం.

రాత్రి ఒంటి గంటా నలభై నిమిషాలకు మొత్తం ఆగిపోయింది. ఫ్రిజ్ ఆగింది, లైటు పోయింది, సీప్యాప్ ఆగింది. అమ్మ అరుపుకు లేచాం. బాపు మాస్క్ లాగేసుకుని కూర్చుని రొప్పుతున్నాడు, చొక్కా చెమటకు తడిసిపోయింది. ఇంజన్ స్టార్ట్ చేద్దామంటే బండి వెనకాల, చక్రాల పక్కన చాపలు పరుచుకుని జనం పడుకుని ఉన్నారు, పసిపిల్లలు కూడా. ఆ పొగలో వాళ్లను ఎలా ఉంచుతాం? బాపును దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, తెల్లారేదాకా నేనూ మా తమ్ముడూ వంతులవారీగా ఆయన పక్కన మేలుకుని ఉన్నాం. ఆయన మళ్లీ నిద్రలోకి జారుకున్న ప్రతిసారీ నా ఊపిరి కూడా ఆగినట్టయింది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇంటికి వచ్చాక, ఇన్వర్టర్లు రిపేరు చేసే మా బావకు విషయం చెప్పాను. ఆయన ఒక్కో బ్యాటరీని 14.4 వోల్టుల దాకా పూర్తిగా ఛార్జ్ చేసి, రెండు కారు హెడ్‌లైట్ బల్బులు కలిపాడు. రెండూ కలిసి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. 100 ఏహెచ్ అంటే ఆ బల్బులు పది గంటలకు కాస్త అటూ ఇటూగా వెలగాలి. మొదటి బ్యాటరీ నాలుగు గంటల పది నిమిషాలకు ఆగిపోయింది. రెండోది మూడు గంటల నలభై నిమిషాలకే. అంటే స్టిక్కర్ల మీద 200 ఏహెచ్, లోపల ఉన్నది 80 కూడా కాదు. ఆ రాత్రి మా వాడకం సగటున 10 ఆంపియర్లు. ఆరు నుంచి ఒకటీ నలభై దాకా లెక్క వేసుకోండి, సరిగ్గా అక్కడికే వస్తుంది.

మూత తీసి చూస్తే సంగతి బయటపడింది. నాలుగు సెల్స్ మీదా క్యూఆర్ కోడ్ గీకేసి ఉంది. టెర్మినల్స్ మీద పాత వెల్డింగ్‌ను గ్రైండర్‌తో అరగదీసిన గుర్తులు ఉన్నాయి. ఒక సెల్ పక్కలకు ఉబ్బింది. ఇంతకుముందు ఎక్కడో వాడి పక్కన పడేసిన సెల్స్‌ను కొత్త డబ్బాలో పెట్టి అమ్మారు. మీరు మాత్రం బ్యాటరీ మూత సొంతంగా విప్పకండి, లోపల పానా తగిలి షార్ట్ అయితే చేతులు కాలతాయి. పైగా కంపెనీ బ్యాటరీ అయితే వారంటీ కూడా పోతుంది.

నన్ను మోసం చేసిన మూడు పరీక్షల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో అందరికీ చూపించేవి ఇవే. తూకం తక్కువ ఉంటే లోపల చిన్న సెల్స్ పెట్టారని తెలుస్తుంది, కానీ అరిగిపోయిన సెల్ బరువు తగ్గదు. వోల్టేజీ అంతకన్నా పెద్ద మాయ. లెడ్ బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ వోల్టేజీ మెల్లగా దిగుతుంది, మనకు తెలిసిపోతుంది. లిథియం ఫాస్ఫేట్ అలా కాదు. నిండుగా ఉన్నప్పుడు 13.3, సగం అయిపోయాక కూడా 13.1 దగ్గరే నిలబడి, చివరలో ఒక్కసారిగా పడిపోతుంది. ఇక స్టిక్కరు ఏ ప్రింటింగ్ షాపులోనైనా వేస్తారు.

కాబట్టి లోడు పెట్టి టైమ్ చూడటం ఒక్కటే దారి. షాపులో పది గంటలు కూర్చోలేమంటారా, ఇన్వర్టర్ పెట్టి 500 వాట్ల హాలోజన్ లైటు వెలిగించండి. నిజమైన 100 ఏహెచ్ లిథియంలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్ తినేది పోయినా ఆ లైటు రెండు గంటలు దాటి వెలగాలి. గంటకే ఆగితే లేచి వచ్చేయండి. టెస్టుకు ఒప్పుకోని షాపులో ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి. బండిలో వోల్ట్ మీటరు ఒక్కటే ఉంటే, ఎన్ని ఆంపియర్లు వెళ్లాయో, ఎన్ని వచ్చాయో లెక్క పెట్టే షంట్ మీటరు కూడా పెట్టించుకోండి. అది ఉండి ఉంటే ఆ రాత్రి పది గంటలకే నాకు అనుమానం వచ్చేది.

"పాత ఛార్జరే చాలు, ఆల్టర్నేటర్ నుంచి డైరెక్ట్ వైరు లాగితే సరిపోతది" అని కూడా చెప్పాడు షాపతను. వినకండి. లిథియం దొరికినంత కరెంటు గుంజుతుంది, ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే బండి ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును అదుపులో పెట్టే డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాలి. ఇంట్లో వాడే ట్యూబులర్ ఛార్జర్‌లో లిథియం మోడ్ లేకపోతే దాన్ని కలపకండి. బ్యాటరీ లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లదో కూడా అడగండి. 12 వోల్టుల మీద 1,500 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెడితే 130 ఆంపియర్ల పైనే లాగుతుంది, 100 ఆంపియర్ల బీఎంఎస్ అయితే కట్ అయి కూర్చుంటుంది. ఇంజన్ వేడి తగిలే చోట బ్యాటరీ పెట్టొద్దు. ఎండాకాలంలో రామగుండం, మంచిర్యాల వైపు మూసి పెట్టిన బండి లోపల ఎంత ఉడికిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

షాపుకు వెళ్లి అడిగితే "మీరు ఓవర్‌లోడు పెట్టిండ్రు" అన్నాడు. వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు లేదు, బ్యాటరీ మీదా లేదు. అందుకే జీఎస్టీ నంబరు, సీరియల్ నంబరు ఉన్న పక్కా బిల్లు లేకుండా కొనకండి. నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. యూపీఐ రసీదు, చిట్టీ, బల్బుల టెస్టు వీడియో దగ్గర పెట్టుకున్నాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. ఇలాగే నష్టపోయినవాళ్లు ఊరుకోకుండా మీరూ ఫిర్యాదు పెట్టండి.

బాపు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కొత్త బ్యాటరీ కొని, టెస్టు చేసి, వరుసగా రెండు రాత్రులు ఇంటి ముందే బండిలో సీప్యాప్ నడిపి చూసేదాకా ఆయన్ను ఎక్కడికీ తీసుకెళ్లను. వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఎవరైనా ఈ మధ్య ఇలాంటి అసెంబుల్డ్ బ్యాటరీ కొని ఉంటే మెసేజ్ పెట్టండి. హెడ్‌లైట్ బల్బులు, క్లాంప్ మీటరు నా దగ్గర ఉన్నాయి. ఆదివారం పొద్దున మీ బండి తెస్తే సాయంత్రానికల్లా లెక్క తేల్చుకోవచ్చు.