రెండు క్యాథలిక్ హైస్కూళ్లు, ఎనిమిదేళ్లు: చదువు ఎలా ఉంది, మెరిట్ ఎయిడ్ ఎంత కలిసొచ్చింది

మా పిల్లలిద్దరూ చికాగో చుట్టుపక్కల రెండు వేర్వేరు క్యాథలిక్ హైస్కూళ్లలో చదివారు. బాబు 2017 నుంచి 2021 వరకు, పాప 2021 నుంచి 2025 వరకు. పేర్లు రాయను, మొదటిది, రెండోది అంటాను. మేం ఉండేది నేపర్‌విల్‌లో. ఇక్కడి పబ్లిక్ స్కూళ్లకే మంచి పేరుంది, ఇంటి పన్నులో వాటికి ఎలాగూ కడుతున్నాం. "ఫీజు లేని మంచి బడి పక్కనే ఉంటే ఇదెందుకమ్మా?" అని మా మామగారు గుంటూరు నుంచి అడిగారు. నేను సిస్టర్లు నడిపే కాన్వెంట్‌లో చదువుకున్నదాన్ని. ఆ టీచర్లు ఒక్కొక్కరినీ పట్టించుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అది నా పిల్లలకూ దొరకాలనుకున్నాను.

ముందు పరీక్ష సంగతి. ఇక్కడి చాలా క్యాథలిక్ స్కూళ్లు ఎనిమిదో తరగతి పిల్లలకు హెచ్‌ఎస్‌పీటీ అనే ప్రవేశ పరీక్ష పెడతాయి. ఐదు భాగాలు, మొత్తం 298 ప్రశ్నలు, సుమారు రెండున్నర గంటలు, క్యాలిక్యులేటర్ ఉండదు. వెర్బల్‌లో 60 ప్రశ్నలకు ఇచ్చేది 16 నిమిషాలే. లెక్కల్లో ఎంత చురుకైన పిల్లలైనా ఆ వేగం అలవాటు లేకపోతే అక్కడ తడబడతారు. సీటు, హానర్స్ క్లాసులు (మామూలు వాటికంటే కష్టమైనవి), మెరిట్ స్కాలర్‌షిప్ (ప్రతిభ చూసి ఇచ్చే ఫీజు సాయం, మెరిట్ ఎయిడ్ అన్నా ఇదే) చాలావరకు ఆ ఒక్క పూట మీదే ఆధారపడతాయి. మా పిల్లలిద్దరికీ స్కోర్లు దాదాపు ఒకేలా వచ్చాయి. అందుకే రెండు స్కూళ్లనూ పోల్చి చెప్పగలుగుతున్నాను.

మొదటి స్కూల్లో బాబు చేరిన ఏడాది ఫీజు 13,800 డాలర్లు, మెరిట్ కింద ఏడాదికి 4,000 ఇచ్చారు. ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో పండగే. రెండో స్కూల్లో పాపకు 16,500 ఫీజు మీద 1,500 మాత్రమే ఇచ్చారు. అంత తక్కువేమిటని నేను చాలా బాధపడ్డాను. తర్వాత అర్థమైంది. సీట్ల కోసం ఎగబడే స్కూలుకు మంచి స్కోరున్న పిల్లలను డబ్బిచ్చి పిలవాల్సిన అవసరం లేదు. అలాంటి పిల్లలు ఇంకొంతమంది కావాలనుకునే స్కూలే పెద్ద మొత్తం ఇస్తుంది. కాబట్టి ఎయిడ్ ఎక్కువ వచ్చినంత మాత్రాన అక్కడ చదువు గట్టిగా ఉంటుందనుకోకండి.

ఇంకో సంగతి మేం ముందు గమనించలేదు. ఫీజు ఏటా పెరిగింది, స్కాలర్‌షిప్ మాత్రం నాలుగేళ్లూ 4,000 దగ్గరే ఆగిపోయింది. నాలుగో ఏడు ఫీజు 16,100 అయింది. మొదట్లో 9,800 కట్టినవాళ్లం చివరికి 12,100 కట్టాం. పుస్తకాలు, బస్సు, ఆటల ఖర్చు వేరే.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది రెండో ఏడు జరిగింది. స్కాలర్‌షిప్ నిలవాలంటే జీపీఏ, అంటే నాలుగుకి లెక్కేసే గ్రేడ్ల సగటు, 3.5 ఉండాలి. హానర్స్ క్లాసు కష్టమైనదైనా దానికి అదనపు విలువ కలపకుండా లెక్కేశారు. హానర్స్ కెమిస్ట్రీలో బాబుకు బీ గ్రేడ్లు, ఒక సీ వచ్చాయి, జీపీఏ 3.4కి దిగింది. హెచ్చరిక ఉత్తరం వచ్చింది. మామూలు కెమిస్ట్రీకి మారితే ఇబ్బంది ఉండదని కౌన్సెలర్ చెప్పారు, మేం టెన్షన్‌లో సరే అన్నాం. వాడు మాత్రం "నాకు ఆ క్లాసే ఇష్టం అమ్మా" అన్నాడు. చదువులో ప్రతిభకని ఇచ్చిన డబ్బును నిలుపుకోవడానికి వాడి చేత కష్టమైన చదువు మానిపించాం. ఆ 4,000 వదులుకుని ఉండాల్సింది.

ఇక చదువు. మొదటి స్కూలు బ్రోషర్‌లో ఏపీ కోర్సుల (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) జాబితా పొడుగ్గా ఉంది. కానీ కొన్నిటికి చాలినంతమంది పిల్లలు చేరక ఆ ఏడాది క్లాసే పెట్టలేదు. రాత్రి మూడు గంటల హోంవర్క్ ఉండేది, అందులో ఎక్కువ భాగం వర్క్‌షీట్లే. రెండో స్కూల్లో ఏపీలు తక్కువ. అయితే మొదటి ఏడే ఇంగ్లిష్ టీచర్ ఒక వ్యాసాన్ని పాప చేత నాలుగుసార్లు తిరగరాయించారు. మార్జిన్ నిండా ఆవిడ ప్రశ్నలే: "ఇది నీకెలా తెలుసు?", "ఎదుటివాళ్లు ఏమంటారు?" రాయడం అక్కడే వచ్చింది పాపకు. లెక్కల్లో మాత్రం రెండు స్కూళ్లకూ పరిమితి ఉంది. ముందే కాల్‌క్యులస్ పూర్తిచేసే పిల్లలకు మా పబ్లిక్ స్కూల్లోనే దారి ఎక్కువ.

మతం గురించి మనవాళ్లు చాలామంది అడుగుతారు. నాలుగేళ్లూ థియాలజీ, అంటే మతం గురించిన పాఠం, తప్పనిసరి, మాస్ అనే చర్చి ప్రార్థనకు అందరూ వెళ్తారు. అందులో ప్రసాదంలా రొట్టె పంచే కమ్యూనియన్ సమయంలో క్యాథలిక్ కాని పిల్లలు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని దీవెన తీసుకోవచ్చు, లేదా కూర్చోవచ్చు. మా పిల్లలను ఎవరూ ఒత్తిడి చేయలేదు. నిజానికి థియాలజీ క్లాసు కోసమే పాప మా అత్తగారికి ఫోన్ చేసి గీత గురించి గంటసేపు అడిగింది.

పూర్తి ఉచితం అని వినగానే ఆశపడకండి, ముందు షరతులు చూడండి. న్యూయార్క్‌లోని రీజిస్ హైస్కూల్ 1914 నుంచీ ఫీజు తీసుకోవడం లేదు, కానీ అక్కడ బాప్తిస్మం పొందిన క్యాథలిక్ అబ్బాయిలకే ప్రవేశం. చికాగోలో 1996లో మొదలైన క్రిస్టో రే జెస్యూట్ హైస్కూల్‌లో పిల్లలు నెలలో కొన్ని రోజులు ఆఫీసుల్లో పనిచేసి ఫీజులో పెద్ద భాగం సంపాదించుకుంటారు. అది తక్కువ ఆదాయమున్న కుటుంబాల కోసం పెట్టింది.

మధ్యతరగతి వాళ్లు మెరిట్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయానికి కూడా దరఖాస్తు పెట్టాలి. చాలా స్కూళ్లు ఫ్యాక్ట్స్ అనే సంస్థ ద్వారా తీసుకుంటాయి, పన్ను కాగితాలు అడుగుతారు. మాకు రాదులే అని మొదటి నాలుగేళ్లు పెట్టనే లేదు. బాబు కాలేజీలో ఉండగా పాప కోసం పెడితే 2,500 వచ్చింది, తనకొచ్చిన మెరిట్ కంటే ఎక్కువ.

స్కూలు చూపించే ఓపెన్ హౌస్‌కు వెళ్తే ఏపీ కోర్సులు ఎన్ని ఉన్నాయని కాదు, కిందటేడు నిజంగా ఏవి నడిచాయో అడగండి. దిద్ది ఇచ్చిన వ్యాసం ఒకటి చూపించమనండి. స్కాలర్‌షిప్ నిలవడానికి జీపీఏ ఎంత కావాలో, హానర్స్‌కు అదనపు విలువ కలుపుతారో లేదో కాగితం మీద రాయించుకోండి. మేం ఈ చివరి ప్రశ్న 2017లో అడగలేదు.